రెండుసార్లు కదిలిన మోకు

కుందనగిరి యువరాజు కీర్తిధ్వజుడు ఉప్పు వర్తకుడి వేషంలో, ఎద్దును తోలుకుంటూ ఈదరకోనలో అడుగుపెట్టింది మధ్యాహ్నం పూటే. కానీ ఆ మధ్యాహ్నాన్ని చూసి మధ్యాహ్నమని ఎవరూ అనుకోరు. ఆకాశం తడిసిన గొంగళిలా కొండల భుజాల మీద వేలాడుతోంది. వాన పైనుంచి కిందికి పడడం మానేసి అడ్డంగా కొడుతోంది, ఒక్కొక్కసారి కింది నుంచి పైకి కూడా కొడుతోంది. వెదురు పొదలు నేలకు నుదురు ఆనించి లేస్తున్నాయి, మళ్ళీ ఆనిస్తున్నాయి. టేకు చెట్లు వేళ్ళతో సహా లేచి, మట్టి కారుతూ, నడిచిపోయే మనుషుల్లా కొంత దూరం పోయి కూలుతున్నాయి. లోయలో ఏరు ఏనుగుల మందలా ఘీంకరిస్తోంది. గాలివానలు కార్తీకంతో సరి. పుష్యమాసంలో మంచు కురవాలి గాని ఇటువంటి వాన కురవడం ఆ కోనలో ముసలివాళ్ళ తాతలు కూడా ఎరగరు.

ఎందుకు కురుస్తోందో కీర్తిధ్వజుడికి తెలుసు. గాలితల్లికి లేక లేక పుట్టిన బిడ్డ పిల్లగాలి. వరిచేల మీద ఆడుకుంటూ, ఉయ్యాలలు ఊపుతూ, ఆరేసిన చీరల చాటున దాక్కుంటూ తిరిగే పసిది. దాన్ని ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు మాయ చేసి పట్టి, ఆనపకాయ బుర్రలో బంధించి, ఈ కోన చివర సూదికొండ గుహలో దాచాడు. బిడ్డ కనబడక తల్లికి మతి చలించింది. ఏ ఇంట్లో దాచారోనని లోకంలో ఒక్కొక్క కప్పే ఎత్తి చూస్తోంది. లేదని తెలిశాక ఏడుస్తోంది. ఎత్తి చూడడమే గాలి, ఏడవడమే వాన. కుందనగిరి కోట కప్పు కూడా అలాగే లేచిపోయింది. రాజ్యాలన్నీ ఇలా కూలితే సింహాసనాలన్నీ తనవే అవుతాయని ఆ మాంత్రికుడి ఆశ.

కత్తి మెరుపు ఎక్కడ కనబడినా పసిగట్టడానికి వాడికి ఇనుప ముక్కు కాకులున్నాయి. అందుకే యువరాజు తన కత్తిని ఉప్పు బస్తాలో దాచి తెచ్చాడు. బస్తా మూతి బిగించి కట్టాను, ఉప్పుకేం భయం అనుకున్నాడు. వేషం కట్టడం తెలిసింది గాని సరుకు సంగతి తెలియలేదు.

ఏటి ఒడ్డు విరిగి ఎద్దు నీళ్ళలోకి జారింది. కీర్తిధ్వజుడు పగ్గం పట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు, ఎద్దు బరువుకు బురదలో పది బారలు జారిపోయాడు. చేతికందిన బస్తా ఒక్కటి లాగగలిగాడు. ఎద్దు మెడ తిప్పి ఒక్కసారి అతనికేసి చూసింది. ఆ తరువాత అక్కడ నురుగు తప్ప ఏమీ లేదు. మూడు నెలలు తన పక్కన నడిచిన ప్రాణి అది. ఏడవడానికి కూడా గాలి అతనికి వ్యవధి ఇవ్వలేదు. వెనక నుంచి తోసి ఒక గుంజకు కొట్టింది. ఆ గుంజకు మనిషి రొమ్ము ఎత్తున లావుపాటి మోకు ఒకటి కట్టి ఉంది. దాన్ని పట్టుకుని, చెయ్యి వెంట చెయ్యి వేస్తూ నడిచాడు. మోకు ఒక ఇంటి గుంజ నుంచి ఇంకో ఇంటి గుంజకు పోతోంది. తొమ్మిది ఇళ్ళు దాటాడు. తొమ్మిదింటికీ కప్పుల్లేవు, పొయ్యిల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. పదో ఇంటికి మాత్రం కప్పు ఉంది, కప్పులోంచి పొగ వస్తోంది.

తలుపు తీసింది ఒక ముసలావిడ. పేరు నూకాలు. మనిషి ఎండిన అల్లం కొమ్ములా ఉంది గాని కళ్ళు చురుగ్గా ఉన్నాయి.

"ఎవులు నాయనా నువ్వు?"

"ఉప్పు బేరగాణ్ణి అవ్వా. దారి తప్పాను."

లోపలికి రమ్మని, తుడుచుకోవడానికి పాతగుడ్డ ఇచ్చి, అతన్ని ఎగాదిగా చూసింది. "ఉప్పోడివా. మరి తల తుడుసుకుంతన్నావేటి?"

"తడిసింది కదా అవ్వా."

"నలభై ఏళ్ళ నుంచి ఈ గుమ్మంలో ఉప్పు కొంతన్నాను. వానలో వొచ్చిన ఉప్పోడు ముందు బస్తా అటకెక్కించి, కింద సెగెట్టి, అప్పుడు గదా తల తుడుసుకుంతాడు. నీ బస్తా సూడు, గుమ్మం కాడ ఏడుత్తంది."

నిజమే. గుమ్మం పక్కన బస్తా సగానికి సగం చిక్కిపోయింది. తెల్లటి నీరు ధారకట్టి పోతోంది. చిరుగులోంచి కత్తి పిడి బయటికి వచ్చింది.

"ఈ ఏడు ఉప్పులో ఇనుము పండిందేటి?" అంది నూకాలు.

కీర్తిధ్వజుడు ఇక దాచలేదు. తానెవరో, ఎందుకు వచ్చాడో, సూదికొండకు ఎందుకు పోవాలో అంతా చెప్పాడు. ముసలావిడ రాకుమారుడని లేచి నిలబడలేదు, దండం పెట్టలేదు. కుండలోంచి వేడి అంబలి ముంతలో పోసి చేతికిచ్చింది.

"ముందు ఇది తాగు. ఈ ఇంటి కూడు కడుపులో పడితేగాని లెక్కలోకి రావు."

ఆ లెక్క ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఈదరకోనలో ఇళ్ళు పదకొండు. చలిగాలులు లేచే కాలానికి ముందే ఇంటికీ ఇంటికీ మధ్య మోకులు కట్టుకుంటారు. గాలిలో కేక వినబడదు, గుడ్డి మంచులో మనిషి కనబడడు. అందుకని పూటకోసారి ఒక ఇంటివారు మోకును గుంజుతారు. ఆ ఇంటి కప్పు కింద, ఆ ఇంటి కూడు తిన్నవాళ్ళు ఎందరు ప్రాణాలతో ఉంటే అన్నిసార్లు. పక్కింటివారు తమ లెక్క తిరిగి గుంజుతారు. లెక్క తగ్గితే పక్కింటి మనిషి ఎంత గాలైనా మోకు పట్టుకుని బయలుదేరాల్సిందే. ఆ కోనలో మనిషికి మనిషి చేసే ప్రమాణం అదొక్కటే. మోకు మీద అబద్ధమాడినవాడు ఇంతవరకు లేడు.

యువరాజు అంబలి తాగాక నూకాలు గుంజ దగ్గరికి పోయి మోకును రెండుసార్లు కదిపింది. చెయ్యి మోకు మీదే ఉంచి, కళ్ళు మూసుకుని నిలబడింది. కాసేపటికి అవతలి నుంచి మోకు గట్టిగా అదిరింది. ఒకటి. రెండు. గుంజ మొదలు దాకా ఊగింది. ఇంకొకటి వస్తుందేమోనని ముసలావిడ చాలాసేపు చూసింది. రాలేదు.

"ఇంకా కాలేదన్నమాట," అంది.

"ఏమి కాలేదవ్వా?"

"ఆ కడ ఇంట్లో నా కూతురు సిలకమ్మ, అల్లుడు దాలయ్య. మొన్నటికే దానికి నెలలు నిండినాయి. ఇయ్యాల మూడొత్తాయి, ఇయ్యాల మూడొత్తాయి అని సూత్తన్నాను. ఊరోళ్ళందరూ గాలి లేసిన రెండోనాడే తల దాసుకోడానికి పెద్దరాతి కిందకి ఎలిపోనారు. దానికి నడక కాదు. నానూ ఎలిపోతే, అటేపు మోకు కదిపినప్పుడు ఇటేపు ఎవులుంతారు?"

పొయ్యిలో కట్టె ఒకటి ఎగదోసి, మంటలోకి చూస్తూ మళ్ళీ అంది. "దాలయ్య కదిపితే గుంజ ఊగుద్ది. నా కూతురు కదిపితే మోకు మీద పిచిక వాలినట్టుంటాది. రెండు దినాల నుంచి పిచిక వాలలేదు. పడుకునుంటాదిలే. నెలలు నిండిన మనిసి."

సూదికొండకు దారి ఆ కడ ఇంటి మీదుగానే. యువరాజు లేచాడు. నూకాలు ఒక మూట తెచ్చింది. అందులో ఉతికి ఉతికి మెత్తబడిన పాతచీర ముక్కలు, బాలింతకు పెట్టే కాయం ఉండలు, ఒక పసుపు కొమ్ము.

"ఇది దానికియ్యి. దాని సేతే ఒక్కసారి మోకు కదపమను. ఒక్కసారి పిచిక వాల్తే సాలు నాకు. ఆపైన ఆ గాలితల్లి ఒచ్చి నా కప్పు ఎత్తి సూసుకున్నా నానేటీ అనను. అదీ తల్లే గదా."

పదో ఇంటికీ పదకొండో ఇంటికీ మధ్య ఒక అగాధం. అడుగున ఏరు. పైన ఎనభై బారల మోకు, దాని కింద కాలు పెట్టుకోవడానికి ఇంకో సన్నతాడు. మూట మెడకు కట్టుకుని, మిగిలిన గోనెలో కత్తిని చుట్టి వీపుకు తగిలించుకుని, కీర్తిధ్వజుడు మోకు పట్టుకున్నాడు. పది బారలు పోయాడో లేదో కింది తాడు తెగింది. ఒళ్ళు మొత్తం చేతుల మీద వేలాడింది. గాలి అతన్ని జెండాను ఊపినట్టు ఊపుతోంది. గోనె విప్పుకుపోయి కత్తి మెరిసింది.

ఆ మెరుపు చాలు. సూదికొండ వైపు నుంచి గద్దంత కాకి ఒకటి వానను చీల్చుకుంటూ వచ్చింది. దాని ముక్కు కొలిమిలో కాల్చిన ఇనుము, వాన చినుకు తగిలితే సుయ్యిమని పొగ లేస్తోంది. అది అతని జోలికి రాలేదు, తిన్నగా మోకు మీద వాలింది. మూడు పురుల మోకులో ఒక పురి టప్పున తెగింది. కీర్తిధ్వజుడు ఒంటి చేత్తో వేలాడుతూ రెండో చేత్తో కత్తి దూశాడు. మొదటి వేటు గాలి పట్టుకుపోయింది. రెండో పురి తెగింది. మోకు ఒక్కసారిగా కుంగింది. కాకి తల ఎత్తిన క్షణంలో అతను కాళ్ళు మోకుకు మెలివేసి, తలకిందులుగా వేలాడి, కింది నుంచి పైకి కత్తి వేటు వేశాడు. ఇనుప ముక్కు తెగి, చుట్టలు తిరుగుతూ ఏట్లో పడి, బుస్సున ఆరిపోయింది. కాకి నల్లటి బూడిదై రాలింది.

తెగిన చోట గోనెపీలిక చుట్టి, పళ్ళతో ముడి బిగించాడు. ఒక్క పురి మీద మిగిలింది మోకు. ఆ ఒక్క పురి మీదే అవతలి ఒడ్డు చేరాడు.

అక్కడ ఇల్లు లేదు. ఒక గుంజ ఉంది, ఒక గోడ ఉంది. ఆ గోడ చాటున ఒక మేక, కూలిన దూలం, దూలం కింద కాలు ఇరుక్కుని ఒక మనిషి. అతని గుండెల మీద గొంగళిలో చుట్టిన పసికందు. గుంజకు కట్టగా మిగిలిన మోకు కొస అతని మణికట్టుకు చుట్టి ఉంది.

"ఎవులు బాబూ?" అన్నాడు దాలయ్య. "అత్త రెండుమార్లు కదిపింది. కొత్త మనిసి ఎవులో ఒచ్చినారనుకున్నాను."

"చిలకమ్మ ఏది?"

దాలయ్య గడ్డంతో చూపించాడు. గోడ మూలన, పెళ్ళినాటి చీర కప్పి పడుకోబెట్టి ఉంది. గాలికి చీర లేవకుండా నాలుగు వైపులా రాళ్ళు పెట్టి ఉన్నాయి. చేతికందిన మేరకు రాళ్ళు పెట్టినట్టున్నాడు, కాళ్ళ వైపు రాళ్ళు చిన్నవి, దూరంగా విసిరినవి.

"మొన్న పొద్దుట కన్నాది. బిడ్డను సూసి, మా యమ్మ ముక్కే అన్నాది. మరేటీ అనలేదు. నాను మేకపాలు గుడ్డతో పిండి ఈ గుంటకి పడతన్నాను."

కీర్తిధ్వజుడు దూలం పక్కన కూర్చున్నాడు. "మరి అవ్వకు రెండని..."

"ఈ ఇంట పేణంతో ఉన్నది ఇద్దరమే గదా బాబూ. నానొకణ్ణి, ఇదొకర్తి. మోకు మీద అబద్దం ఆడలేదు. ఒకటే కదిపితే అత్త ఈ గాలిలో బయల్దేరిపోద్ది. మూడు కదపడానికి నాకు సెయ్యి రాలేదు."

యువరాజు భుజం పెట్టి దూలం లేపాడు. దాలయ్య కాలు మోకాలి కింద నుజ్జయి ఉంది, అయినా అతను అరవలేదు, బిడ్డ నిద్రలేస్తుందని పెదవి కొరుక్కున్నాడు. యువరాజు మూట విప్పి పాతచీర ముక్కతో ఆ కాలికి కట్టు కట్టాడు, ఇంకో ముక్క బిడ్డకు చుట్టాడు. కాయం ఉండలు చూసి దాలయ్య మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు మోకు కదిలింది. ఒక్కసారి, పిచ్చుక వాలినట్టు.

"అత్త సెయ్యి," అన్నాడు దాలయ్య. "కూతురికీ అదే సెయ్యి ఒచ్చింది."

ముసలావిడ అడుగుతోంది. అంత నెమ్మదిగా ఒక్కసారి కదిపితే చాలంది. కీర్తిధ్వజుడు మోకు మీద వేళ్ళు వేశాడు. సన్యాసి వేషం, పాములవాడి వేషం, ఉప్పు వర్తకుడి వేషం, ఎన్నో కట్టిన చెయ్యి అది. మెత్తగా ఒక్కసారి కదిపితే అక్కడ ఒక తల్లి ఈ పూటకు కడుపు నిండా ఊపిరి పీల్చుకుంటుంది. వేళ్ళు బిగిశాయి గాని కదల్లేదు. చచ్చిపోయిన కూతురి చేతి వేషం మాత్రం అతను కట్టలేకపోయాడు. మోకును దాలయ్య చేతిలో పెట్టాడు. దాలయ్య రెండుసార్లు కదిపాడు. రెండుసార్లూ గుంజ ఊగింది.

అవతలి నుంచి ఏమీ రాలేదు.

ఇంతలో బిడ్డ నిద్రలేచి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే కోనలో గాలి మొత్తం ఆగింది. చినుకులు ఆకాశంలో ఎక్కడివక్కడ నిలిచాయి. ఆ తరువాత పైనుంచి, కప్పు లేని ఆ ఇంట్లోకి, ఒక ముఖం వంగింది. మబ్బులే జుట్టు, మెరుపులే పాపిడి, ఏడ్చి ఏడ్చి కందిన కళ్ళు రెండు చెరువులంత ఉన్నాయి.

"దొరికావా తల్లీ," అంటూ గాలితల్లి చేతులు చాచింది. గొంగళి లేచింది, బిడ్డ లేచింది, బిడ్డను పట్టుకున్న దాలయ్య కూడా జానెడు పైకి లేచాడు. కీర్తిధ్వజుడు వాళ్ళిద్దరినీ వాటేసుకుని, కాళ్ళు గుంజకు మెలివేశాడు.

"అమ్మా, ఇది నీ బిడ్డ కాదు. దీని తల్లి ఆ చీర కింద ఉంది, చూడు."

గాలితల్లి చీర అంచు ఒక్క వేలుతో ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ మెల్లగా కప్పింది, ఒక్క రాయి కూడా దొర్లకుండా.

"దీనికి తల్లి లేదు, నాకు బిడ్డ లేదు," అంది. "నేను పెంచుకుంటాను."

"నీ బిడ్డ సూదికొండ గుహలో ఉంది. నేను తెస్తాను."

"నీలాగే ఏడుగురు చెప్పారు. ఏడుగురూ తిరిగి రాలేదు. ఆ గుహకు మంత్రం కట్టు ఉంది, నేను గడప దాటి నా బిడ్డ ఉందో లేదో చూడలేను." గాలితల్లి గొంతుకు కోన అంతా వణికింది. "పొద్దు కుంగేదాకా చూస్తాను. నువ్వు రాకపోతే ఈ బిడ్డ నాది."

వాన మళ్ళీ విరుచుకుపడింది. పొద్దు కుంగడానికి రెండు గడియలు కూడా లేదు. దాలయ్య పశువులను కట్టే మోకు చుట్ట చూపించాడు. కీర్తిధ్వజుడు దాని ఒక కొస గుంజకు, ఇంకో కొస తన నడుముకు కట్టుకున్నాడు.

"పైకి చేరాక కదుపుతాను. నువ్వు తిరిగి కదుపు. బిడ్డ ఉన్నంతసేపూ రెండు."

"అలాగే బాబూ," అన్నాడు దాలయ్య. "మోకు మీద అబద్దం ఆడను."

సూదికొండ ఎక్కడం ఎక్కడం కాదు, పాకడం. రాళ్ళు నీళ్ళతో పాటు దొర్లి వస్తున్నాయి. ఒక బండ అతని భుజం చీల్చుకుంటూ పోయింది. ఒకచోట కాలు జారి, నడుముకు ఉన్న మోకు బిగిసి, గాలిలో వేలాడి, మళ్ళీ రాతి పగులులో కత్తి గుచ్చి లేచాడు. గోళ్ళలోంచి నెత్తురు కారుతోంది, వాన కడుగుతోంది. గుహ మొగలోకి చేరేసరికి మోకు సరిగ్గా అయిపోయింది. ఇంకో అడుగు వెయ్యాలంటే విప్పాల్సిందే.

మోకును ఒక్కసారి కదిపాడు. చెయ్యి దాని మీదే ఉంచి, నూకాలు చేసినట్టే కళ్ళు మూసుకున్నాడు.

కింది నుంచి మోకు అదిరింది, గట్టిగా. ఒకటి. మళ్ళీ గట్టిగా. రెండు. బిడ్డ ఉంది. అతను ఊపిరి వదలబోయాడు.

అప్పుడు మూడోసారి కదిలింది. పిచ్చుక వాలినట్టు.

ఒక్క క్షణం అతని గుండె చిలకమ్మ దగ్గరికి పరుగెత్తింది. వెంటనే సంగతి తెలిసింది. ఇందాక రెండూ గట్టి కదలికలే రావడంతో ముసలావిడ ఇంట్లో ఉండలేకపోయింది. పొయ్యి ఆర్పి, ఆ ఒక్క పురి మీద, గోనెపీలిక ముడి మీదుగా, ఎనభై బారల అగాధం దాటి వచ్చింది. చీర అంచు ఎత్తి చూసింది. చూశాక, ఏడవడానికి ముందు, లెక్క చెప్పడానికి మోకు పట్టుకుంది.

కీర్తిధ్వజుడి కళ్ళ వెంట నీళ్ళు వానలో కలిసిపోయాయి. మోకు విప్పి, కొస జారిపోకుండా రాతికి ముడివేశాడు. గుహ లోపల చీకట్లో వందల కొద్దీ ఆనపకాయ బుర్రలు వేలాడుతున్నాయి. అన్నింట్లోంచీ ఒకటే పసి ఏడుపు వస్తోంది. ఏది నిజమైనదో తెలియడం లేదు. ఆ బుర్రల వెనక పొగ నాలుక ఒకటి నేల మీద పాకుతూ బయటికి వచ్చింది.

"రా వర్తకుడా," అంది ఒక గొంతు. "ఉప్పు తెచ్చావా?"

కీర్తిధ్వజుడు కత్తి దూసి గడప మీద కాలు పెట్టాడు. వెనక రాతికి కట్టిన మోకు అతని మడమకు తగులుతూ ఇంకొక్కసారి కదిలింది, అదే మెత్తటి చేత్తో.

నాలుగు.

ఈదరకోనలో కప్పు కింద లేని మనిషిని ఎవరూ ఎప్పుడూ లెక్కలో కలపలేదు. కానీ ఆ ఇంటికి ఇప్పుడు కప్పే లేదు. తన చేతి అంబలి తాగినవాడు కొండ మీద ఉన్నాడు. అతను కూడా ఆ ఇంటివాడేనని ముసలావిడ మోకు మీద చెప్పింది, మోకు మీద అబద్ధమాడకూడదని తెలిసీ చెప్పింది. ఆ మాట నిజం చెయ్యాలంటే అతను తిరిగి రావాలి.

కీర్తిధ్వజుడు గడప దాటాడు.